రాజకీయం ఉన్న డాక్యుమెంటరీని చిత్రోత్సవాల కోసం మెత్తబరచాలా?

భూసేకరణలో ఊరు కోల్పోయినవారి మీద గంట నిడివి గల డాక్యుమెంటరీ తీశానని, చిత్రోత్సవాలు తిరస్కరిస్తాయేమోనన్న సందేహంతో అందులోని నాయకుల బహిరంగసభ ప్రసంగాలను తీసేయాలనుకుంటున్నానని మీరు రాశారు. హీరోల సినిమాలకు అలవాటుపడ్డ మనవాళ్లు ఇటువంటివి చూడరు గనుక విదేశీ ఉత్సవాలే దిక్కని మిత్రులు చెబుతున్నారని కూడా అన్నారు. పోలవరం ముంపు గ్రామాల మీద కొన్నేళ్లపాటు ఒక చిత్రం తీసి, దాన్ని దేశంలోనూ బయటా తిప్పినవాణ్ణి కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రసంగాలు తీయకండి. సినిమాను ముందు తెలుగు ప్రేక్షకుడి కోసం ఎడిట్ చేయండి, ఉత్సవాల మాట ఆ తరువాత చూద్దురు గాని.

చిత్రోత్సవం కళకు మాత్రమే చెందిన చోటని, రాజకీయం అక్కడికి బయటినుంచి వచ్చి చేరుతుందని మీ మిత్రులు అనుకుంటున్నట్టుంది. చరిత్ర అలా లేదు. 1932లో మొదలైన వెనిస్ చిత్రోత్సవం ముస్సోలినీ పాలనలో ఫాసిస్టు ప్రచారవేదికగా మారింది. 1938లో దాని అత్యున్నత పురస్కారం పొందినవాటిలో నాజీ ప్రభుత్వ అండతో తయారైన బెర్లిన్ ఒలింపిక్స్ చిత్రం ఒకటి. దానికి నిరసనగానే ఫ్రాన్సు కాన్ ఉత్సవాన్ని తలపెట్టింది; 1939 సెప్టెంబరులో జరగవలసింది కాస్తా యుద్ధం వల్ల ఆగి 1946లో గాని పట్టాలెక్కలేదు. బెర్లిన్ ఉత్సవం 1951లో, ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో, పశ్చిమ బెర్లిన్‌లో అమెరికన్ అధికారుల ప్రోత్సాహంతో పుట్టింది. 1968 మే నెలలో విద్యార్థులకు, కార్మికులకు సంఘీభావంగా గొదార్, త్రుఫో వంటి దర్శకులు కాన్ ఉత్సవాన్ని మధ్యలోనే ఆపించారు. కాబట్టి రాజకీయం ఉందన్న ఒక్క కారణంతో సినిమాను వద్దనే హక్కు నైతికంగా ఏ ఉత్సవానికీ లేదు.

మన దేశంలో 2004లో జరిగినదాని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇప్పుడు సినిమాలు మొదలుపెడుతున్నవారిలో చాలామందికి అది తెలియదు. డాక్యుమెంటరీలకు, లఘుచిత్రాలకు ప్రత్యేకించిన ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవాన్ని అప్పట్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ నిర్వహించేది. ఆ ఏడాది భారతీయ చిత్రాలకు సెన్సారు సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. విదేశీ చిత్రాలకు ఆ నిబంధన లేదు. దేశం నలుమూలలనుంచి డాక్యుమెంటరీ దర్శకులు ఒక్కటై వ్యతిరేకించడంతో దాన్ని ఉపసంహరించుకున్నారు గాని, ఎంపిక జాబితా వెలువడేసరికి రాజకీయ విమర్శ ఉన్న చిత్రాలు అనేకం అందులో లేవు. అప్పుడా దర్శకులు ఉత్సవ ప్రాంగణానికి దగ్గరలోనే మరో హాలు చూసుకుని, 'వికల్ప్' పేరుతో ఆ చిత్రాలను వరుసగా ప్రదర్శించారు. గుజరాత్ 2002 మారణకాండపై రాకేశ్ శర్మ తీసిన చిత్రం కూడా అలా తిరస్కరణ పొందినవాటిలో ఉంది. అదే సంవత్సరం బెర్లిన్‌లో దానికి పురస్కారం వచ్చింది. తరువాత మన సెన్సారు బోర్డు సర్టిఫికెట్ నిరాకరించి, నిరసనలు పెరిగాక అక్టోబరులో ఇచ్చింది. ఈలోగా ఆయన చూసినవారినే నకళ్లు తీసి పంచమని కోరి, సినిమాను ఇంటింటికీ చేర్చాడు. ఆ దర్శకులెవరూ తమ చిత్రాలను ముందుగా మెత్తబరచి పంపలేదన్నది మీరు గమనించవలసిన విషయం.

ఇక చట్టం సంగతి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ కావాలి. చిత్రోత్సవాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వవచ్చు, దానికి దరఖాస్తు చేసేది నిర్వాహకులే. 2017 జూన్‌లో కేరళ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవంలో మూడు చిత్రాలకు ఆ మినహాయింపు దొరకలేదు. ఒకటి కశ్మీరు గురించి, ఒకటి జేఎన్‌యూ విద్యార్థి ఉద్యమం గురించి, మూడవది రోహిత్ వేముల మరణం, దాని వెంట వచ్చిన ఉద్యమం గురించి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మన కళ్లముందు జరిగినదాని మీద తీసిన చిత్రం అలా తిరువనంతపురంలో ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో గోవా ఉత్సవంలో భారతీయ చిత్రాలకు కేటాయించిన ఇండియన్ పనోరమా విభాగానికి జ్యూరీ ఎంపిక చేసిన రెండు చిత్రాలను మంత్రిత్వశాఖ తొలగించగా, జ్యూరీ అధ్యక్షుడు సుజయ్ ఘోష్ రాజీనామా చేశారు. సెన్సారు నిర్ణయాలపై అప్పీలు వినే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశాక, ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. చిన్న నిర్మాతకు అది మోయలేని ఖర్చు.

ఇవన్నీ చదివి, అందుకేగా ప్రసంగాలు తీసేద్దామనుకున్నానని మీరనవచ్చు. నేను దీన్నిబట్టి వేరే నిర్ణయానికి వచ్చాను. అధికారి నిరాకరిస్తే ఒక కాగితం వస్తుంది, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లవచ్చు, పత్రికలకు చూపవచ్చు. ఆనంద్ పట్వర్ధన్ తన డాక్యుమెంటరీలను దూరదర్శన్‌లో ప్రసారం చేయించగలిగింది అటువంటి కాగితాల మీద పోరాడే. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మీరే భయంతో కోసేసిన దృశ్యానికి మాత్రం ఏ కాగితమూ ఉండదు, అది పోయిందని ఎవరికీ తెలియదు, దానికోసం ఎవరూ పోరాడలేరు. మీ చిత్రంలో మాట్లాడిన ఆ నిర్వాసితులు నష్టపరిహారం గురించి ఏమి వాగ్దానం విన్నారో ఆ ప్రసంగాల్లోనే ఉంది. అవి తీసేస్తే వాళ్ల ఆవేదన కారణం లేని ఏడుపుగా మిగులుతుంది.

విదేశీ ఉత్సవాల గురించి నాకు చేదు లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1988 నుంచి, జపాన్‌లోని యమగాతలో 1989 నుంచి జరుగుతున్న డాక్యుమెంటరీ ఉత్సవాలు మన దేశపు చిత్రాలెన్నిటికో శ్రద్ధగల ప్రేక్షకులనిచ్చాయి. అయితే ఒక యూరోపియన్ ఉత్సవపు ఎంపికదారు నా రఫ్ కట్ (ఎడిటింగ్ పూర్తికాని తొలి ప్రతి) చూసి రాసిన ఉత్తరం మీకు పనికివస్తుంది. సినిమాలో పార్టీలు, మండలాలు, పునరావాస ప్యాకేజీలు ఎక్కువై తమ ప్రేక్షకులు తికమకపడతారని, ఒక ముసలావిడను కథానాయికగా తీసుకుని, ఆమె నదిని చూస్తూ కూర్చునే దృశ్యాలు పెంచి, మిగతాది తగ్గిస్తే బాగుంటుందని ఆయన మర్యాదగా సూచించారు. ఆయన ఉద్దేశం మంచిదే. కాని ఆ మార్పు చేస్తే గోదావరి ఒడ్డున కోయలు, కొండరెడ్లు ప్రకృతి వైపరీత్యానికి బలైనట్టు కనిపిస్తారు. వాళ్లను ఊళ్లనుంచి కదిలించింది ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయం. 2014లో ముంపు మండలాలను తెలంగాణనుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మార్చడం, 2013 భూసేకరణ చట్టం కింద ఎవరికి ఏమి రావాలన్న వాదన, కాఫర్ డ్యామ్ (నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్ట) కట్టాక దేవీపట్నం మండలంలో ఊళ్లలో నిలిచిన నీరు, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఏ ముడి తీసినా మిగిలేది దృశ్యసౌందర్యమే. నేను ఆ మార్పు చేయలేదు, ఆ ఉత్సవం నా చిత్రాన్ని తీసుకోలేదు. మరో చోట, అంత పేరులేని ఉత్సవంలో, ఆనకట్టల వల్ల ఊళ్లు పోయిన ప్రాంతాలనుంచి వచ్చిన ప్రేక్షకులు చిత్రం అయ్యాక ప్యాకేజీల గురించే గంటసేపు అడిగారు.

2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన తరువాత తెలుగు అనగానే బయటివారి ముఖాల్లో ఉత్సాహం కనిపిస్తోంది, నాకూ అది సంతోషమే. దానివల్ల ఒక కొత్త ఇబ్బంది కూడా వచ్చిపడింది: తెలుగు సినిమా అంటే హోరు ఉండాలని, లేదా దానికి పూర్తి వ్యతిరేకంగా మౌనం ఉండాలని వాళ్లు ఎదురుచూస్తారు. మన ఊళ్లలో మాత్రం ఆ రెండూ ఒకే వీధిలో ఉంటాయి.

ఇక్కడే మీ మిత్రుల మాటతో నాకు గట్టి విభేదం. తెలుగువారు రాజకీయాన్ని సినిమా ద్వారా చదవడంలో ఆరితేరినవారు. జమీందారీ వ్యవస్థను ప్రశ్నించినందుకు 1939లో 'రైతుబిడ్డ' నిషేధాన్ని ఎదుర్కొంది. 1980లో విడుదలైన 'మాభూమి'లో గద్దర్ తెరమీద నిలబడి 'బండెనక బండి కట్టి' పాడితే, ఆ పాట సినిమాను దాటి తెలంగాణ సభలన్నిటికీ పాకింది. ప్రభుత్వాలతో తలపడిన అదే గాయకుడి పేరుతో 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలు ఇచ్చింది. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఒక నటుడు 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యాడు. ఇటువంటి నేల మీద పెరిగిన ప్రేక్షకుడికి నాయకుడి ప్రసంగంలో నటన ఎక్కడ మొదలవుతుందో ఎవరూ వివరించనక్కరలేదు.

నా చిత్రాన్ని ఒక పునరావాస కాలనీలో గోడకు తెల్లగుడ్డ కట్టి వేసినప్పుడు ఇది నాకు రుజువైంది. హీరోల ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్లే ముందు వరుసలో కూర్చున్నారు. నాయకుడు వేదికెక్కి, ఈలలు ఆగేదాకా చెయ్యెత్తి నిలబడి, తరువాత గొంతు తగ్గించి మాట్లాడే దృశ్యం వచ్చేసరికి ఒక కుర్రవాడు లేచి, ఇది ఇంటర్వెల్ ముందు సీనని, అసలు సంగతి ఇంకా చెప్పలేదని పక్కవాళ్లతో అన్నాడు. నిజంగానే ఆ ప్రసంగంలో ఇళ్ల స్థలాల సంగతి చెప్పకుండా దాటేశారు. ఎడిటింగ్‌లో ఎన్నోసార్లు చూసిన నాకంటే ఆ అబ్బాయి దాన్ని త్వరగా పట్టుకున్నాడు. ప్రదర్శన తరువాత పెద్దవాళ్లు పట్టాల కాగితాలు తెచ్చి, ఆ ప్రసంగంలోని మాటలతో పోల్చి చూసుకున్నారు. మీరు తీసేద్దామనుకుంటున్నది ఈ ప్రేక్షకులకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చే భాగం.

జనాదరణ పొందిన సినిమాను మీ చిత్రంలోనుంచి తుడిచేయకండి కూడా. పెళ్లి ఊరేగింపులో డీజే పాట, సెల్‌ఫోనులో హీరో బొమ్మ, సభకు వెళ్లే ట్రాక్టరు మీద మోగే మాస్ పాట ఆ జీవితంలో భాగమే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నేపథ్యంలో కనబడే పోస్టర్లు, చిత్రాల వంటి వాటికి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపునిస్తుంది, అది పాటలకు వర్తించదు. షూటింగులో వినబడిన సినిమా పాట మీ సౌండ్‌ట్రాక్‌లో ఉంటే ఆడియో కంపెనీ అనుమతి తీసుకోవాలి. ఉత్సవాలు కూడా హక్కుల పత్రాలు అడుగుతాయి. నేను కొన్ని చోట్ల పాటను తీసి, ట్రాక్టరు చప్పుడు, ఈలలు మాత్రమే ఉంచాను. ఒక చోట మాత్రం పాట లేకపోతే దృశ్యం అబద్ధమవుతుందని రుసుము కట్టి కొనుక్కున్నాను.

దరఖాస్తుల విషయం క్లుప్తంగా చెబుతాను. పెద్ద ఉత్సవాలు చాలావరకు ప్రపంచంలో గాని, తమ దేశంలో గాని తొలి ప్రదర్శన తమవద్దే కావాలంటాయి. అందువల్ల చిన్నాచితకా ఆన్‌లైన్ ఉత్సవాలకు ముందే ఇచ్చేసి ఆ అవకాశం పోగొట్టుకోకండి. ఊళ్లో జరిపే ఉచిత ప్రదర్శనను ఆ లెక్కలోకి తీసుకుంటారా అని ముందే ఉత్తరం రాసి అడగండి, నాకు సూటిగానే జవాబిచ్చారు. ప్రవేశ రుసుము తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. ప్రేక్షకులూ హాలూ లేకుండా, రుసుము కట్టిన అందరికీ లారెల్ బొమ్మలు (పోస్టరు మీద వేసుకునే ఎంపిక చిహ్నాలు) పంపే ఉత్సవాలున్నాయి. గత సంవత్సరం ఎక్కడ, ఏ హాలులో వేశారో కనబడకపోతే డబ్బు కట్టకండి. ఇక్కడ టికెట్టు పెట్టి ప్రదర్శించాలనుకుంటే సెన్సారు బోర్డు హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. వాళ్లు కోతలు సూచిస్తే రాతపూర్వకంగానే తీసుకోండి.

మీ చిత్రంలో గిరిజన భాషలో మాట్లాడేవారుంటే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లకంటే ముందు తెలుగు సబ్‌టైటిళ్లు తయారు చేయండి, అది కూడా ఆ భాష మాట్లాడే చదువుకున్న యువకుల చేత. ఆ ప్రతిని ముందుగా మీరు చిత్రీకరించిన కుటుంబాలకు చూపించి, వాళ్లు అభ్యంతరం చెప్పిన చోట్లు సరిచేశాక, అప్పుడు ప్రసంగాలతో సహా ఆమ్‌స్టర్‌డామ్‌కు, యమగాతకు, కేరళకు పంపండి.