టికెట్ మీద పేరు క్యాపిటల్ అక్షరాల్లో ఉందని తిప్పి పంపితే: సమాధానం

డల్లాస్‌లో మీ తమ్ముడు స్పీడింగ్ టికెట్ మీద ‘క్యాపిటల్ అక్షరాల్లో ఉన్న ఆ పేరు నాది కాదు’ అని రాసి తిప్పి పంపాడని, ఇప్పుడు నోటీసు వచ్చిందని, ఏం చేయాలని అడిగారు. అలా తిప్పి పంపడాన్ని కోర్టు జవాబుగా తీసుకోలేదు. నోటీసు అందుకే వచ్చి ఉంటుంది.

క్యాపిటల్ అక్షరాల పేరు వేరే ‘వ్యక్తి’ది, నేను దేవుడి వారసుణ్ణి, నాకు కామన్ లా (పాత కోర్టు తీర్పులతో ఏర్పడిన చట్టం) ఒక్కటే వర్తిస్తుంది అనే వాదనల్ని అమెరికా కోర్టులు పదే పదే కొట్టేశాయి. కెనడాలోనూ అంతే. 2012లో అల్బర్టాలో మీడ్స్ కేసులో జడ్జి రూక్ వీటిని ఒక్కొక్కటిగా విప్పి మరీ తోసిపుచ్చారు.

ఇప్పుడు చేయాల్సింది:

1. టికెట్ మీద హాజరు తేదీ చూడండి. అందరూ వదిలేసేది ఇదే. వాదన రాసి పంపాం కదా, ఇక వెళ్లక్కర్లేదు అనుకుంటారు. తేదీ దాటితే హాజరు కాలేదని ఇంకో కేసు, వారంట్ రావచ్చు. దాటిపోయినా సరే, ఈరోజే కోర్టు క్లర్క్‌కి ఫోన్ చేసి వారంట్ ఉందేమో కనుక్కోమనండి. ఉంటే ముందు ట్రాఫిక్ లాయర్‌ని పట్టుకోండి.

2. గిల్టీ, నాట్ గిల్టీ, నో కాంటెస్ట్ (నేరం ఒప్పుకోను, కానీ పోరాడను): ఏదో ఒకటి చెప్పి మామూలుగా సంతకం పెట్టాలి. ఎర్ర వేలిముద్రలు, ‘వితౌట్ ప్రెజుడిస్’ (నా హక్కులు వదులుకోవట్లేదు) లాంటి మాటలు వద్దు.

3. బర్త్ సర్టిఫికెట్ మీద ట్రెజరీలో (అమెరికా ఖజానా శాఖలో) డబ్బుందని, ‘బాండ్’ (చెల్లింపు పత్రం) రాసి జరిమానా కట్టమని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు. అలాంటి ఖాతాలు లేవని ట్రెజరీయే చెప్తోంది. అమెరికాలో పుట్టినవాళ్లకే లేనిది తెనాలిలో పుట్టిన మీ తమ్ముడికి ఉండదు. నకిలీ బాండ్ పంపడం ఫెడరల్ నేరం.

వీసా మీద ఉంటే, ప్లీ (గిల్టీయా, కాదా అనే జవాబు) చెప్పేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగమనండి.