రోడ్డు మీద ఇసుక, మలుపులో స్పీడు: ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే మూడూ కలిపి ఇస్తున్నా.

ప్రశ్న: మా పక్క స్థలంలో బిల్డింగ్ కడుతున్నారండీ. ఇసుక, కంకర, ఇనప చువ్వలు అన్నీ రోడ్డు మీదే, సగం రోడ్డు పోయింది, రాత్రిపూట అక్కడ ఒక లైటు కూడా పెట్టరు. పైగా పర్మిషన్ కంటే ఒక ఫ్లోర్ ఎక్కువ వేస్తున్నారని వీధిలో అందరూ అంటున్నారు. కంప్లైంట్ ఇద్దామంటే పక్కవాళ్లతో గొడవలెందుకని మా ఇంట్లో భయపడుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు రాసింది ఒక కంప్లైంట్ కాదమ్మా, రెండు. రోడ్డు మీద ఇసుక సంగతి రోడ్డు చూసుకునేవాళ్లది, ఎక్కువ ఫ్లోర్ సంగతి ప్లాన్ అప్రూవ్ చేసిన టౌన్ ప్లానింగ్ వాళ్లది. రెండూ ఒకే కాగితంలో రాస్తే అది రెండు టేబుళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది, ఎవరికి వాళ్లు ఇది అవతలివాళ్ల పని అనుకుంటారు. నేను ఒకసారి మా వీధిలో గుంత, వెలగని లైటు, అడ్డంగా పెరిగిన చెట్టు కొమ్మ ఇలా ఐదు సమస్యలు ఒకే అప్లికేషన్లో రాసిచ్చా, నెలలు గడిచినా ఒక్కటీ కదల్లేదు, తర్వాత దేనికది విడిగా రాసిస్తే మూడు పనులు అయ్యాయి.

ముందు ఇసుక సంగతి చూడండి, ఎందుకంటే దానివల్ల ఈ రాత్రే ఎవరైనా పడొచ్చు. ఇసుక మీద టైరుకి పట్టు ఉండదు, బండి కొంచెం వంగి తిరిగేటప్పుడు బ్రేక్ వేస్తే జారిపోతుంది, చీకట్లో అయితే దగ్గరికి వచ్చేదాకా ఇసుక కనపడదు కూడా. మీకు మాట్లాడే చనువుంటే మేస్త్రీకో సైట్ ఇంజనీరుకో ఒకసారి మర్యాదగా చెప్పి చూడండి, రెండు మెరిసే పట్టీలు కట్టి, ఇసుక లోపలికి జరిపితే చాలు కదా. వినకపోతే ఫోటోలు తియ్యండి. దూరం నుంచి ఒకటి, అందులో పక్కనున్న కరెంటు స్తంభమో గుర్తుపట్టే గేటో పడాలి. దగ్గర నుంచి ఒకటి, టేపు పరిచి మిగిలిన రోడ్డు ఎన్ని మీటర్లో కనపడేలా. రాత్రిపూట ఒకటి. చక్రాల కుర్చీ వెళ్లాలంటే కనీసం 90 సెంటీమీటర్ల దారి కావాలి, ఫుట్‌పాత్ మీద అది కూడా మిగల్లేదంటే ఆ మాట తప్పకుండా రాయండి.

ఇంకొక చిన్న విషయం, చాలామందికి తెలీదు. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో పెట్టి ఫోటో తీస్తే ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో ఆ ఫైల్లోనే ఉంటుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి, సైజు కూడా తగ్గిపోతుంది. ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక ఫ్లోర్ సంగతి. "అందరూ అంటున్నారు" అని రాస్తే ఆ కంప్లైంట్‌కి బలం ఉండదు. సైట్ ముందు పర్మిషన్ బోర్డు ఉంటే ఫోటో తియ్యండి, లేకపోతే ఈ స్థలానికి ఎన్ని ఫ్లోర్లకి అనుమతి ఇచ్చారు, చుట్టూ ఎంత ఖాళీ వదలమన్నారు అని ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత "అనుమతి ఇన్ని, ఇవాళ్టి తేదీకి నేను లెక్కపెట్టింది ఇన్ని" అని రాస్తే చాలు, అక్రమం అన్న మాట మీరు వాడక్కర్లేదు, ఆ నిర్ణయం వాళ్లది. కాకపోతే లేటు చెయ్యొద్దు. స్లాబ్ పడకముందు పని ఆపించడం వేరు, జనం దిగాక ఆ ఫ్లోర్ ముట్టుకోవడం వేరు.

మీరు అడగలేదు గానీ నాకు అన్నిటికంటే భయం పునాది గుంత గురించి. మీ ప్రహరీ పక్కనే లోతుగా తవ్వి, అంచులకి ఏ ఆధారమూ పెట్టకుండా వదిలేశారేమో చూసుకోండి. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర దాకా బరువు తూగుతుంది, అది జారితే లోపల పనిచేస్తున్న కూలీలు బయటికి వచ్చే టైము కూడా ఉండదు. మీ గోడలో కొత్తగా బీట కనిపిస్తే దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యండి, ఆ గీతలు దాటి బీట పెరుగుతుంటే యాప్‌లు, అప్లికేషన్లు పక్కన పెట్టి ఇంట్లోవాళ్లని బయటికి తెచ్చి ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యండి. తెరిచి ఉన్న మ్యాన్‌హోల్, తెగి వేలాడే కరెంటు తీగ వీటికి కూడా అంతే, ముందు ఫోను, తర్వాతే కాగితం.

గొడవ భయం అన్నారు, అది నిజమైన భయమే, తీసిపారేసేది కాదు. కంప్లైంట్‌లో మనిషి పేరు కాకుండా స్థలం గురించి రాయండి, నా వివరాలు బయటికి చెప్పొద్దని అందులోనే అడగండి, వీలైతే నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టండి.

ప్రశ్న: మా పిల్లల స్కూల్ మలుపు దగ్గర బళ్లు చాలా స్పీడుగా వస్తాయి సార్. మూల మీదే కార్లు ఆపేస్తారు, రోడ్డు దాటే పిల్లలు కనపడరు. స్పీడ్ బ్రేకర్ కావాలని యాప్‌లో రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ "పరిష్కరించబడింది" అని క్లోజ్ చేశారు. అక్కడ ఏమీ మారలేదు.

జవాబు: చదువుతుంటే నాకే బాధేసింది, ఎందుకంటే ఇలా రెండుసార్లు జరిగాక చాలామంది ఇంక వదిలేస్తారు. మీరు వదలొద్దు.

"చాలా స్పీడు" అన్నదాన్ని అంకె చెయ్యండి. రోడ్డు పక్కన సురక్షితంగా నిలబడి ఒకదానికొకటి 50 మీటర్ల దూరంలో ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, రెండు స్తంభాలైనా పర్లేదు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి బండి మొదటి గుర్తు నుంచి రెండోదానికి ఎంతసేపట్లో వచ్చిందో చూడండి. 6 సెకన్లు అయితే గంటకి 30 కిలోమీటర్లు, 3.6 సెకన్లు అయితే 50. ఇది పోలీసుల స్పీడ్ గన్ అంత కచ్చితం కాదు, దీంతో ఎవరికీ ఫైన్ పడదు, కానీ స్కూల్ వదిలే టైములో వరసగా 20 బళ్లకి ఇలా రాసిస్తే ఇంజనీరు కొట్టిపారేయలేడు.

ఆ 30కి 50కి తేడా ఎంతో కూడా రాయండి. పిల్లాడు కనపడ్డాక డ్రైవర్ కాలు బ్రేక్ మీదకి రావడానికి ఒక సెకను అనుకుంటే, 50 స్పీడులో ఆ సెకనులోనే బండి 14 మీటర్లు వచ్చేస్తుంది, పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగేసరికి దాదాపు 28 మీటర్లు. 30 స్పీడులో మొత్తం కలిపి 13 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే 30లో వచ్చే బండి ఆగిపోయిన చోట, 50లో వచ్చేవాడికి ఇంకా బ్రేకే పడలేదు. ఇక మూల మీద కార్లు ఆపి ఉంటే ఆ పిల్లాడు కనపడేదే ఆఖరి నిమిషంలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో 11 లక్షల 90 వేల మంది చనిపోయారు, వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల మీదా టూ వీలర్ల మీదా వెళ్లేవాళ్లే. ఇది తప్పనిసరి కర్మేం కాదండీ. స్పీడ్ లిమిట్లు తగ్గించి, రోడ్డు పక్క పార్కింగ్ బాగా తీసేసిన నార్వే రాజధాని ఓస్లోలో 2019లో నడిచేవాళ్లు గానీ సైకిళ్ల వాళ్లు గానీ ఒక్కరు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు.

అందుకే స్పీడ్ బ్రేకర్ ఒక్కటే అడగకండి. బ్రేకర్ కుదరదు అని ఒక్క లైనులో కొట్టేస్తే అక్కడితో అయిపోతుంది. ప్రమాదం ఏంటో చెప్పండి, మూల నుంచి ఇన్ని మీటర్ల వరకు కార్లు ఆగుతున్నాయి, దాటే పిల్లలు ఫలానా చోట నుంచి కనపడట్లేదు, మీరు సైట్ చూసి ఏం చెయ్యగలరో చెప్పండి అని అడగండి. పార్కింగ్ ఆపొచ్చు, మూల దగ్గర ఫుట్‌పాత్ ముందుకి పెంచొచ్చు, బ్రేకర్ వెయ్యొచ్చు, దారులు చాలా ఉన్నాయి. త్రుటిలో తప్పిన ప్రమాదాలు కూడా తేదీ, టైముతో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, ఎవరికో తగిలేదాకా రికార్డు మొదలవ్వకూడదు కదా.

క్లోజ్ చేసిన కంప్లైంట్ సంగతి. పాత కంప్లైంట్ నంబర్లు రెండూ వేసి, క్లోజ్ అయిన తేదీ తర్వాత తీసిన ఫోటో పెట్టి కొత్తది ఇవ్వండి, ఏ పని చేసి క్లోజ్ చేశారో చెప్పమని అడగండి. దీని కాపీ పై అధికారికి, ట్రాఫిక్ పోలీసులకి, స్కూల్ వాళ్లకి, మీ వార్డు ప్రతినిధికి. స్కూల్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తోడైతే ఇంకా మంచిది. నేను ఈ కంప్లైంట్ నంబరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆ నంబరు పుట్టిన రోజు నుంచి "మాకు తెలీదు" అనే మాట ఆఫీసు దగ్గర ఉండదు. రేపు అక్కడ ఏదైనా జరిగితే, ఫలానా తేదీనే మీకు చెప్పాం అని చూపించడానికి ఉండేది అదొక్కటే. 2007లో బ్రిటన్‌లో మొదలైన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్‌లో వచ్చిన ప్రతి ఫిర్యాదూ అందరికీ కనపడేలా పెడతారు, ఎవరైనా చూసి ఇది ఇంకా అలాగే ఉంది అని రాయొచ్చు. మీ దగ్గర అలాంటిది లేకపోతే తల్లిదండ్రులంతా కలిసి ఒక షీట్ పెట్టుకోండి, నంబరు, తేదీ, వచ్చిన జవాబు, ఇప్పటి పరిస్థితి, ఈ నాలుగు చాలు.

ప్రశ్న: రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ల వీడియోలు నంబర్ ప్లేట్‌తో సహా మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెడుతున్నాం. కొంతమంది తప్పంటున్నారు. నిజంగా తప్పా?

జవాబు: వీడియో తియ్యడం వరకు బాగానే ఉంది, గ్రూప్‌లో పెట్టడం మాత్రం మానెయ్యండి. అక్కడ పెడితే తిట్లు వస్తాయి గానీ చర్య రాదు, పైగా ఆ బండి మీద ఇంకెవరో ఉండొచ్చు, వెనకాల పిల్లల మొహాలు పడొచ్చు, అది ఎక్కడెక్కడికి ఫార్వర్డ్ అవుతుందో మీ చేతిలో ఉండదు. ట్రాఫిక్ పోలీసులు ఫిర్యాదులు తీసుకునే చోటే ఇవ్వండి, ప్లేట్, చోటు, తేదీ, టైము తెలిసేలా, కట్ చెయ్యకుండా ఎడిట్ చెయ్యకుండా. బండి నడుపుతూ మాత్రం తియ్యొద్దు, ఆపి తియ్యండి, లేదా వెనక కూర్చున్నవాళ్లు తియ్యాలి. రోజూ అదే చోట రాంగ్ రూట్ వస్తున్నారంటే యూ టర్న్ మరీ దూరంగా ఉందేమో కూడా చూడండి, అలా అయితే అది బండివాళ్ల మీద కాదు, రోడ్డు డిజైన్ మీద ఇవ్వాల్సిన ఇంకొక కంప్లైంట్, దానికి విడిగా ఇంకొక నంబరు.