నత్త విషంతో నొప్పి మందు చేస్తానంటున్న అమ్మాయికి, వాళ్ళ నాన్నగారికి

మచిలీపట్నం నుంచి ఒక నాన్నగారు పెద్ద మెసేజ్ పెట్టారు, ముందు అందులో ఏముందో క్లుప్తంగా చెప్తాను. వాళ్ళమ్మాయి ఇంటర్ సెకండ్ ఇయర్ బైపీసీ. ఇంట్లో నానమ్మకి క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, మార్ఫిన్ మాత్రలు వాడుతున్నారు, అర్ధరాత్రి లేచి మాత్ర ఇచ్చేది ఈ పిల్లే. ఈ మధ్య సముద్రపు నత్త విషం నుంచి నొప్పి మందు తీసారని వీడియో చూసిందంట, అప్పట్నుంచి "నీట్ రాయను నాన్నా, నేను ఇదే చేస్తా" అని పట్టుబట్టి కూర్చుంది. "ఇది నిజంగా చదువేనా సార్, దీనికి ఉద్యోగం ఉంటుందా, పిల్ల ఏదో ఆవేశంలో అంటుందా" అని అడిగారు.

నిజంగా చదువే అండీ. ఆవేశం కూడా ఉండొచ్చు, రోజూ కళ్ళ ముందు నానమ్మ మూలుగుతుంటే ఆ వయసు పిల్లకి రాకుండా ఎలా ఉంటుంది. దాన్ని తీసిపారేయకండి. కాకపోతే ఆ వీడియోలో నత్తే కనపడి ఉంటుంది, ఈ పనిలో నత్త వాటా చాలా తక్కువ, మిగతాదంతా కెమిస్ట్రీ, ఓపిక. ఆ రెండూ మీ అమ్మాయికి ఇష్టమేనా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

అసలు కథ మీక్కూడా తెలియాలి కాబట్టి చెప్తాను. కోన్ స్నెయిల్ అంటారు, గుల్ల ఐస్‌క్రీం కోన్ ఆకారంలో రంగురంగుల డిజైన్లతో ఉంటుంది. నత్త కదా, చేప వెనకాల పరిగెత్తలేదు, అందుకని దాని పన్నే బల్లెంలా తయారైంది, లోపల బోలుగా చివర ముల్లుతో ఇంజెక్షన్ సూదిలా ఉంటుంది, మూతి మెల్లగా చాపి చేపని ఒక్క పోటు పొడుస్తుంది, సెకన్లలో చేప కొయ్యబారిపోతుంది. ఆ విషంలో ఒకటి కాదు, వందకి పైగా రకాల పెప్టైడ్లు ఉంటాయి, పెప్టైడ్ అంటే చిన్న సైజు ప్రోటీన్ అనుకోండి. నరం నుంచి నరానికి సిగ్నల్ పోవడానికి గేట్లుంటాయి, ఒక్కో పెప్టైడ్ వెళ్ళి ఒక్కో రకం గేటు దగ్గర పని చేస్తుంది, పక్క గేటు జోలికి పెద్దగా పోదు. మందు తయారు చేసేవాళ్ళకి కావాల్సింది సరిగ్గా ఇదే.

దీన్ని పట్టుకున్నాయన బాల్డొమెరో ఒలివెరా, ఫిలిప్పీన్స్ ఆయన. అమెరికాలో కాల్టెక్‌లో పీహెచ్‌డీ చేసి సొంత దేశానికి తిరిగెళ్ళారు, అక్కడ డీఎన్‌ఏ మీద పని చేయడానికి సరైన పరికరాల్లేవు, ఉన్నవాటితో ఏం చేయగలం అని చూస్తే చిన్నప్పుడు ఏరుకున్న గుల్లలు గుర్తొచ్చాయి. లూర్డెస్ క్రజ్ అనే శాస్త్రవేత్తతో కలిసి మొదలుపెట్టారు, తర్వాత ఆ పనినే అమెరికాలో యూటా యూనివర్సిటీకి తీసుకెళ్ళారు. అక్కడ క్రెయిగ్ క్లార్క్ అని డిగ్రీ చదివే కుర్రాడు, విషాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కోదాన్ని నేరుగా ఎలక మెదడులోకి ఎక్కించి చూద్దాం అన్నాడు. చూస్తే ఒక భాగానికి ఎలక నిద్రపోయింది, ఒకదానికి వణికింది, ఇంకోదానికి గోకుకుంది. అంటే ప్రతి భాగం వేరే మందు లాంటిదే అన్నమాట! ఇంకో కుర్రాడు మైకేల్ మెకింటోష్, 18 ఏళ్ళు, స్కూల్ అయిపోగానే ఆ ల్యాబ్‌లో చేరాడు, కోనస్ మేగస్ అనే నత్త నుంచి 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని వేరు చేసింది ఆయనే. అదే తర్వాత జికొనోటైడ్ అనే మందు అయింది.

నాన్నగారూ, ఇక్కడ ఒక్క విషయం. ఆ మెకింటోష్ తర్వాత ఏమయ్యారో తెలుసా, మెడిసిన్ చదివి సైకియాట్రిస్ట్ అయ్యారు, నత్త విషాల మీద పరిశోధన కూడా మానలేదు. కాబట్టి "డాక్టరా, పరిశోధనా" అని ఇంట్లో కొట్లాడుకోవాల్సిన పని లేదు. నీట్‌కి ఎలాగూ రెండేళ్ళు చదివింది కాబట్టి ఒక్కసారి రాయమనండి, అమ్మాయి ఆ మాత్రం ఒప్పుకోవాలి. సీటు రాకపోతే లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టనని మీరు మాటివ్వండి. మనసు లేని పిల్లని ఇంకో ఏడాది హాస్టల్లో పెడితే ఏమవుద్దో నేను చాలా ఇళ్ళల్లో చూసాను.

ఇప్పుడు ఓపిక సంగతి. మెకింటోష్ ఆ ల్యాబ్‌లో చేరింది 1979లో, జికొనోటైడ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 2004 డిసెంబర్‌లో. పాతికేళ్ళు! ఇంత చేసినా దాన్ని మాత్రగా మింగలేం, పెప్టైడ్ కదా కడుపులో అరిగిపోద్ది, రక్తంలోకి ఎక్కిస్తే మెదడు, వెన్నుపాము దగ్గరికి సరిగ్గా చేరదు పైగా బీపీ పడిపోద్ది. అందుకని పొట్ట చర్మం కింద చిన్న పంపు పెట్టి, సన్నటి గొట్టంతో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి చుక్కచుక్కగా వదులుతారు. రోజుకి గరిష్ఠంగా 19.2 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో యాభయ్యో వంతు కూడా లేదు. నొప్పి సిగ్నల్ దాటే కాల్షియం గేటుని వెన్నుపాములోనే మూసేస్తుంది, మార్ఫిన్‌లా అలవాటు పడటం ఉండదు, అది చాలా గొప్ప విషయం. కానీ తల తిరగడం, గందరగోళం, లేనివి కనపడటం లాంటి ఇబ్బందులు వస్తాయి, మానసిక సమస్యలున్నవాళ్ళకి ఇవ్వరు. కాబట్టి అమ్మా, నానమ్మకి రేపే ఇప్పించే మందు కాదు ఇది. నానమ్మకి ఇప్పుడు కావాల్సింది మంచి పాలియేటివ్ కేర్ (జబ్బు తగ్గకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టర్, మార్ఫిన్ డోసు ఎప్పుడెంత మార్చాలో వాళ్ళకి బాగా తెలుస్తుంది, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, దగ్గర్లో ఎవరున్నారో మీ క్యాన్సర్ డాక్టర్ని కూడా అడగండి. నొప్పి తగ్గించమని గట్టిగా అడగడానికి మొహమాటపడకండి.

ఫెయిలైపోయిన మందుల గురించీ తెలుసుకోవాలి. ఆస్ట్రేలియాలో వీసీ 1.1 అని ఇంకో నత్త పెప్టైడ్, ఎలకల్లో నొప్పి బ్రహ్మాండంగా తగ్గించింది, మనుషుల దాకా తెచ్చారు, అప్పుడు తెలిసింది మనిషిలో ఉండే ఆ గేటు మీద అది ఎలకలో పని చేసినంత చేయట్లేదని. 2007లో ఆపేసారు. ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించమనండి మీ అమ్మాయిని. అలాగని దారి మూసుకుపోలేదు, 2025 జనవరిలో అమెరికాలో సుజెట్రిజిన్ అని కొత్త నొప్పి మాత్రకి అనుమతి వచ్చింది. అది నత్తది కాదు, మామూలు రసాయనమే, కానీ ఆలోచన అదే, నొప్పి మోసే నరంలో ఒకే ఒక్క సోడియం గేటుని మూయడం.

చదువు సంగతికొస్తే, నా మొదటి సలహా ఐసర్ (సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన కాలేజీలు) వాళ్ళ ప్రవేశ పరీక్ష ఐఏటీ. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీల్లో మూడు చదివితే చాలు, కాబట్టి బైపీసీ వాళ్ళూ రాయొచ్చు, కాకపోతే 60 ప్రశ్నల్లో 15 మ్యాథ్స్ ఉంటాయి, చేరాక కూడా మ్యాథ్స్ తప్పదు. తిరుపతిలోనే ఐసర్ ఉంది. అదే స్కోరు బెంగళూరులోని పెద్ద సైన్స్ సంస్థ ఐఐఎస్సీలో బీఎస్ డిగ్రీకి కూడా పనికొస్తుంది కానీ అక్కడ ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలి, కాబట్టి మీ అమ్మాయి డిగ్రీకి కాకుండా పీహెచ్‌డీకి అక్కడికెళ్ళొచ్చు, మన తీరంలో దొరికే కోన్ నత్తల పెప్టైడ్ల మీద శాస్త్రవేత్త బలరామ్ గారి బృందం ఏళ్ళ పాటు పని చేసింది అక్కడే. రెండో దారి బీఫార్మసీ, తర్వాత ఫార్మసీ పీజీ కోసం పెట్టే జీప్యాట్ పరీక్ష రాసి, హైదరాబాద్ నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థ) లాంటి చోట మెడిసినల్ కెమిస్ట్రీ, అంటే మందులు తయారు చేసే కెమిస్ట్రీ. నన్నడిగితే డబ్బు గురించి భయమున్న ఇంటికి ఇదే మంచిది, ఎందుకంటే మధ్యలో ఆగినా చేతిలో ఉద్యోగం వచ్చే డిగ్రీ ఉంటుంది. మూడోది మామూలు బీఎస్సీ, అందులో కెమిస్ట్రీ ఉండాల్సిందే, పేరు బాగుంది కదా అని కెమిస్ట్రీ లేని బయోటెక్ కాంబినేషన్లో మాత్రం చేర్చొద్దు, పెప్టైడ్ పని మొత్తం కెమిస్ట్రీలోనే ఉంది. మెరైన్ బయాలజీ కూడా మంచి చదువే, ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవాల మీద డిపార్ట్‌మెంటే ఉంది, కానీ అది నత్త గురించి నేర్పుతుంది, మందు గురించి కాదు.

నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి పెప్టైడ్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తుంటే ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మిషన్ స్క్రీన్ మీద గీతలు కొండల్లా లేస్తున్నాయి, ఒక్కో కొండ ఒక్కో పదార్థం, తనకి కావాల్సిన కొండ వచ్చినప్పుడు ట్యూబు మార్చి పట్టుకోవాలి, కళ్ళు తిప్పకుండా కూర్చుంది. చివర్లో ఆరబెట్టిన ట్యూబు చూపించింది, అడుగున దూది పీచంత తెల్లటి పొడి, నాకైతే లైటుకి ఎదురు పెడితేగానీ కనపడలేదు. "ఇది మూడు నెలల పని సార్" అంది, ఆ మొహంలో వెలుగు చూడాలి మీరు. ఇంకో మాట, జికొనోటైడ్‌ని కూడా నత్తల్ని పిండి తీయరు, ల్యాబ్‌లో అమైనో ఆమ్లాలు ఒక్కోటీ పూస గుచ్చినట్టు గుచ్చి తయారు చేస్తారు. ఈ గుచ్చే విద్య వస్తే ఉద్యోగం సంగతి మీరు బెంగ పెట్టుకోవక్కర్లేదు, షుగరుకీ బరువుకీ వాడే సెమాగ్లూటైడ్ కూడా పెప్టైడే, హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పెప్టైడ్ పని జరుగుతూనే ఉంది.

డబ్బు సంగతి దాచను. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ అన్నీ కలిపి 27, 28 ఏళ్ళు వస్తాయి. నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, అద్దె భత్యం వేరు, తన ఖర్చులు తను చూసుకుంటుంది కానీ ఇంటికి పంపేంత మిగలదు. మీ ఇంట్లో ఇప్పటికే వైద్యం ఖర్చుంది, పెళ్ళి గురించి చుట్టాలు అడుగుతారు, ఇవన్నీ పిల్లతో కూర్చుని అంకెలతో సహా మాట్లాడండి. పదిహేడేళ్ళ పిల్లకి ఇవి అర్థమవుతాయి.

అమ్మా, నీకో చిన్న పని. ఈ ఎండాకాలం సెలవుల్లో ఇంటర్ కెమిస్ట్రీలో అమైనో ఆమ్లాలు, పెప్టైడ్ బంధం ఉన్న చాప్టర్ తీసి, సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఇంకో సిస్టీన్‌తో ఎలా ముడిపడుతుందో నీ సొంత మాటల్లో ఒక పేజీ రాసి పంపు. జికొనోటైడ్‌లో అలాంటి ముడులు మూడున్నాయి, అవి సరిగ్గా పడకపోతే మందు పని చేయదు. ఆ పేజీ రాయడం నీకు బాగుందో విసుగ్గా ఉందో నిజం చెప్పు, నీకూ నాకూ కూడా అక్కడే సగం తెలిసిపోద్ది. ఇంకోటి, ఎప్పుడైనా రామేశ్వరమో అండమానో వెళ్తే నీళ్ళల్లో బతికున్న కోన్ గుల్ల అందంగా ఉంది కదా అని చేత్తో తీయకు, కోనస్ జియోగ్రఫస్ అనే రకం మనుషుల్నే చంపింది, దానికి విరుగుడు మందు లేదు.