టెక్ సందేహాలు: గాజు తీగకు గాజంత చుట్ట

ప్రశ్న: మాది హనుమకొండ. బీరువా జరిపి గది సర్దినప్పటి నుంచి ఫైబర్ నెట్ వస్తూ పోతూ ఉంది. బాక్సు మీద ‘ఎల్ఓఎస్’ అని రాసి ఉన్న చోట ఎర్రగా వెలిగి ఆరుతోంది. తీగ ఎక్కడా తెగలేదు. బాక్సు మార్చాలా? - ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: బాక్సు జోలికి పోకండి మాస్టారూ, ముందు బీరువా వెనక ఒకసారి తొంగి చూడండి. తీగ గోడకూ బీరువాకూ మధ్య నలిగి ఉంటుంది. లేదా మిగిలిన తీగను ఎవరో మేకుకు బిగించి చుట్టి ఉంటారు. ఆ ఎర్ర దీపానికి అర్థం ఒక్కటే: బయటి నుంచి రావలసిన వెలుగు బాక్సుకు సరిగా అందడం లేదు. రాగి తీగ మెలిక పడినా, ముడి పడినా తెగనంత వరకు కరెంటు పారుతుంది. ఫైబర్ అలా కాదు, అది గాజు. లోపలి గోడలు వెనక్కి తోస్తూ ఉంటే వెలుగు అందులో ముందుకు సాగుతుంది. మరీ ఇరుకుగా వంచితే ఆ వంపు దగ్గర గోడ దాటి బయటికి జారిపోతుంది. తీగ తెగదు, చేత్తో తడిమినా ఏ లోపమూ తెలియదు, వెలుగు మాత్రం రాదు.

నేను అందరికీ చెప్పే కొలత ఇది: మిగిలిన తీగను చేతి గాజు కంటే చిన్న చుట్టగా చుట్టకండి. గాజు అడ్డకొలత ఇంచుమించు 6 సెంటీమీటర్లు. మామూలు ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే ఇరుకుగా వంచకూడదన్న నియమానికి అది సరిపోతుంది. ఇంతకంటే చిన్న వంపును ఓర్చుకునే కొత్త రకాలు వచ్చాయి కానీ, మీ ఇంటికి ఏది వేశారో చూసి చెప్పడం కష్టం. గాజు కొలతే క్షేమం.

అప్పటికీ దీపం ఆరకపోతే లైన్‌మ్యాన్‌ను పిలిచి ‘పవర్ ఎంత వస్తోంది?’ అని అడగండి. ఆయన చేతి మీటరు డీబీఎంలలో (వెలుగు బలాన్ని కొలిచే లెక్క) ఒక మైనస్ అంకె చూపుతుంది. మైనస్ 20 దగ్గర ఉంటే బాగున్నట్లే. మైనస్ 27 దాటిందంటే బాక్సుకు చూపు ఆనదు. మైనస్ పక్కన అంకె 3 పెరిగిన ప్రతిసారీ వెలుగు సగమైనట్లు లెక్క. మైనస్ 20 అంటే మిల్లీవాట్‌లో నూరో వంతు. వీధి చివర ఒకే వెలుగును 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు కాబట్టి మీ వాటా అంత కొంచెమే. అంత కొద్ది వెలుగుతో మీ మనవరాలి ముఖం అమెరికా నుంచి మీ ఇంట్లో కనిపిస్తోంది.

ఇది ఎలా సాధ్యమైందో చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 1960లలో దొరికే గాజులో వెలుగు కిలోమీటరుకు దాదాపు 1000 డెసిబెల్స్ నష్టపోయేది. అంటే 20 మీటర్లు వెళ్లేసరికి నూటికి ఒక పాలు మిగిలేది. కడుపు లోపల చూసే వైద్య పరికరాలకు అది చాలు, ఊరికీ ఊరికీ మధ్య మాటలు పంపడానికి చాలదు. ఇంగ్లండ్‌లోని హార్లోలో, స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబొరేటరీస్‌లో పనిచేస్తున్న చార్లెస్ కావో అక్కడే ఆగి ఒక ప్రశ్న వేశారు: వెలుగును తాగేస్తున్నది గాజా, గాజులో కలిసి ఉన్న ఇనుము వంటి మలినాలా? 1966లో జార్జ్ హాక్‌హమ్‌తో కలిసి రాసిన పత్రంలో ఆయన తప్పు మలినాలదేనని వాదించారు. కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు నష్టాన్ని దించగలిగితే గాజు తీగ టెలిఫోన్‌కు పనికొస్తుందని లెక్క కట్టి చూపారు. ఆ లెక్క ప్రకారం నూటికి ఒక పాలు మిగిలే దూరం 20 మీటర్ల నుంచి కిలోమీటరుకు పెరగాలి. అప్పటికి అంత స్వచ్ఛమైన గాజు తీగ ఎవరి దగ్గరా లేదు. కావో దేశదేశాల ప్రయోగశాలలకూ, గాజు తయారుచేసే సంస్థలకూ తిరిగి, ఈ పని చేయండని నచ్చజెప్పారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో రాబర్ట్ మారర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ కిలోమీటరుకు 17 డెసిబెల్స్ నష్టం ఉన్న తీగను తీసి చూపించారు. ఇప్పటి మంచి తీగలో అది 0.2. నూటికి ఒక పాలు మిగలాలంటే వెలుగు 100 కిలోమీటర్లు వెళ్లాలి.

కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికే అల్జీమర్స్ ఆయన జ్ఞాపకాలను కబళిస్తోంది. స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఆయన తరఫున భార్య గ్వెన్ ఇచ్చారు. ఆమె కూడా ఇంజినీరే. ప్రపంచం మాటలన్నీ మోసే తీగకు దారి చూపిన మనిషి తన కథ తాను చెప్పుకోలేకపోయారన్న విషయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఈసారి మీ వీధిలో తెగిన ఫైబర్ అతికిస్తుంటే ఐదు నిమిషాలు నిలబడి చూడండి. నేను ఒకసారి మా సందు మొదట్లో చూశాను. ఆ కుర్రాడు పై తొడుగు ఒలిచి, స్పిరిట్ అద్దిన కాగితంతో తుడిచి, వెంట్రుకంత గాజును చిన్న కత్తెర లాంటి పనిముట్టుతో అడ్డంగా, కొస చదునుగా ఉండేలా తెంపాడు. అతికించే యంత్రం తెరమీద రెండు కొసలు ఎదురెదురుగా రెండు స్తంభాల్లా కనిపించాయి. వాటిని తనంతట తానే సరిచూసుకుని, యంత్రం ఒక మెరుపు మెరిపించింది. రెండూ ఒకటైపోయాయి. నష్టం 0.02 డెసిబెల్స్ అని తెరమీద పడింది. ఆ కుర్రాడు మరో తీగ అందుకున్నాడు.

ప్రశ్న: మా రౌటర్‌కు నాలుగు యాంటెన్నాలు. నిటారుగా నిలపాలా, విప్పార్చాలా? ఎనిమిది ఉన్నది కొంటే వేగం రెట్టింపు అవుతుందని దుకాణంలో చెప్పారు. - విజయవాడ నుంచి ఒక గృహిణి

జవాబు: రెట్టింపు కాదమ్మా. చాలా ఫోన్లలో వైఫై యాంటెన్నాలు రెండే ఉంటాయి. రౌటర్ ఎనిమిది చేతులతో పంపినా మీ ఫోను రెండు చేతులతోనే అందుకుంటుంది. ఒకేసారి చాలామంది వాడే ఇంట్లో కొంత లాభం ఉంటుంది, అంతే. ఇక నిలిపే తీరు: పుల్లలాంటి యాంటెన్నా నుంచి తరంగాలు పక్కలకు బలంగా పోతాయి, కొసవైపు బలహీనంగా ఉంటాయి. ఒకే అంతస్తు ఇల్లయితే నిటారుగా ఉంచండి. మేడ మీద కూడా కావాలంటే ఒకటి రెండు అడ్డంగా వాల్చండి. యాంటెన్నాల కంటే ముఖ్యం రౌటర్ ఎక్కడుందన్నది. ఇంటి మధ్యలో, ఎత్తులో, ఫ్రిజ్‌కూ పెద్ద అద్దానికీ దూరంగా పెట్టండి.

అసలు ఒకటికి మించి యాంటెన్నాలు ఎందుకు? కల్యాణ మండపంలో మైకు మాట గోడలకు తగిలి, ఒకదాని మీద ఒకటి పడి ఏమీ అర్థం కాకపోవడం అందరికీ అనుభవమే. ఇంట్లో రేడియో తరంగాల గతీ అదే. ఈ ప్రతిధ్వనుల బెడదను తట్టుకునే పద్ధతుల్లో ఒకటి ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో జాన్ ఒసల్లివన్ రేడియో ఖగోళ శాస్త్రజ్ఞుడు. పేలిపోయే చిన్న కృష్ణబిలాల నుంచి రేడియో సంకేతాలు వస్తాయేమోనని 1970లలో వెతికారు, దొరకలేదు. ఆ రంగంలో చెదిరిన సంకేతాలను చక్కదిద్దడానికి నేర్చిన గణితమే 1990లలో ఆయన బృందానికి వైఫై పనిలో అక్కరకొచ్చింది.

ఒసల్లివన్ బృందం ప్రతిధ్వనిని తట్టుకునే దారి చూపితే, ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ ప్రతిధ్వనినే పనిలో పెట్టారు. కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టిన పాల్‌రాజ్ భారత నౌకాదళ అధికారి. నీటి అడుగున జలాంతర్గామి జాడ పట్టే ‘అప్సో’ సోనార్ రూపకల్పనకు నాయకత్వం వహించారు. సముద్రంలో శబ్దం పైకీ కిందకీ తగిలి పది దారుల్లో చేరుతుంది. అందులోంచి అసలు శబ్దాన్ని ఏరడం ఆయన విద్య. 1991లో నౌకాదళం వదిలి అమెరికా విశ్వవిద్యాలయమైన స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాక, ఒకే పౌనఃపున్యం మీద కలగాపులగంగా వచ్చే సంకేతాలను విడదీసే పనిలో ఉండగా ఆయనకు తట్టింది: గోడలకు తగిలి వేర్వేరు దారుల్లో వచ్చే తరంగాలు ఉంటే విడదీయడం సులువవుతుంది కదా, అయితే ఒక్కో యాంటెన్నా నుంచి ఒక్కో సమాచారం పంపితే? అక్కడి ఆచార్యుడు థామస్ కైలాత్‌తో కలిసి 1992లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1994లో వచ్చింది. అదే మైమో. 2009 నాటి వైఫై ప్రమాణంలో, తర్వాత 4జీలో, 5జీలో అది ఉంది. 2014లో ఆయనకు మార్కోనీ బహుమతి దక్కింది. మీ అల్మారా మీది నాలుగు పుల్లలూ ఆ ఆలోచన వల్లే అక్కడ నిలబడ్డాయి.

ప్రశ్న: కాకినాడలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. లేజర్లు, ఫోటానిక్స్ (వెలుగును పనిలో పెట్టే శాస్త్రం) అంటే ఇష్టం. మా కళాశాలలో లేజర్ ప్రయోగశాల లేదు. ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమని ఇంట్లో ఒత్తిడి. - ఒక విద్యార్థిని

జవాబు: ఇది గ్యాడ్జెట్ ప్రశ్న కాకపోయినా పక్కన పెట్టలేకపోయాను. మీ కళాశాలలో న్యూటన్ వలయాల ప్రయోగం ఉంటుంది. సోడియం దీపం పసుపు వెలుగులో, సూక్ష్మదర్శిని కింద, కటకానికీ గాజు పలకకూ మధ్య సన్నని గాలి పొర గీసిన ఆ నల్లని వలయాలను రికార్డు పుస్తకం నింపడానికి కాకుండా ఒకసారి తీరిగ్గా చూడండి. వెలుగు తరంగదైర్ఘ్యాన్ని, మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు కంటే చిన్న కొలతను, మీరు చేత్తో మర తిప్పుతూ కొలుస్తున్నారు. ఫోటానిక్స్‌కు మొదటి మెట్టు అదే.

ఇంట్లోవాళ్ల మాటనూ పూర్తిగా కాదనకండి. ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. ఈ రంగంలో వెలుగు నడకను ముందు కంప్యూటర్‌లో లెక్కించి, ఆ తర్వాతే పరికరం కడతారు. పైథాన్ వచ్చిన ఫిజిక్స్ విద్యార్థికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష రాస్తే ఐఐటీలు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. కొచ్చి విశ్వవిద్యాలయంలో ఫోటానిక్స్ పేరుతోనే ఒక విభాగం ఉంది. పరిశోధనకైతే ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం లేజర్లకు, కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ ఫైబర్‌కు పేరున్నవి. ఇస్రో, డీఆర్‌డీఓలకు ఈ రంగంలో సొంత ప్రయోగశాలలున్నాయి.

మన వాళ్లెవరైనా ఉన్నారా అని ఇంట్లో అడిగితే సూరి భగవంతం పేరు చెప్పండి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, 1928లో కోల్‌కతా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి 1931లో వెలుగు కణమైన ఫోటాన్‌కు స్పిన్ (తన చుట్టూ తాను తిరుగుతున్నట్లుండే గుణం) ఉందనడానికి ప్రయోగపూర్వకమైన ఆధారం ప్రచురించారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా భౌతికశాస్త్రం బోధించారు. బెంగళూరు ఐఐఎస్సీకి సంచాలకుడయ్యారు, రక్షణ పరిశోధనకు సారథ్యం వహించారు. 1928లో రామన్ కనుగొన్న, వెలుగు చెదిరి రంగు మార్చుకునే రామన్ ఫలితంతోనే ఇప్పుడు దూరప్రాంతాలకు వెళ్లే ఫైబర్‌లో నీరసించిన వెలుగుకు బలం పోస్తున్నారు.

ప్రశ్న: టీవీ రిమోట్ పనిచేస్తోందో లేదో ఫోన్ కెమెరాలో చూస్తాం కదా, ఫైబర్ కొసలో వెలుగు వస్తోందో లేదో అలాగే చూడవచ్చా? - కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: చూడలేరు. రిమోట్ పరారుణ వెలుగు చాలావరకు 940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. కెమెరాలోని సిలికాన్ దాదాపు 1100 వరకే చూడగలదు. మీ ఇంటికి వచ్చే ఫైబర్ వెలుగు సాధారణంగా 1490 నానోమీటర్లు. కెమెరాలో ఏమీ కనిపించకపోతే వెలుగు లేదని అనుకోకండి. కంటికీ అది కనిపించదు కాబట్టి కొసలోకి ఎప్పుడూ నేరుగా చూడకండి. 2009 నోబెల్‌లో సగం కావోది, మిగతా సగం కెమెరాలకు సిలికాన్ కన్ను సీసీడీని కనిపెట్టిన విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లది. ఒకే బహుమతిలోని ఈ రెండు సగాల్లో ఒకదాని వెలుగు రెండోదానికి కనిపించదు.

ఆకుపచ్చ కనెక్టర్‌ను బాక్సు నుంచి తీయవలసి వస్తే, తీసినంతసేపూ దానికి మూత పెట్టి ఉంచండి. కొసను వేలితో ముట్టవద్దు, నోటితో ఊదవద్దు. లోపల వెలుగు నడిచే దారి వెడల్పు మిల్లీమీటర్‌లో నూరో వంతు కంటే తక్కువ. కంటికి ఆనని ఒక్క దుమ్ము రేణువు చాలు, లైన్‌మ్యాన్‌కు మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తుంది.