ఒరిజినల్స్ కత్తిరించే ముందు మేనల్లుడికి ఓ ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. రెండు గంటల ఫుటేజ్‌ని వారం రోజులు కూర్చుని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్‌లో పదకొండు నిమిషాలకు తెచ్చావు. తీరా చూస్తే డిస్కులో ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదు. ఇక ఒరిజినల్ ఫైళ్లనే ట్రిమ్ చేసేసి పాతవి డిలీట్ చేస్తానన్నావు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ పని మాత్రం చెయ్యకు అల్లుడూ.

టైమ్‌లైన్ మీద నువ్వు కోసింది ఫైలును కాదు. సాఫ్ట్‌వేర్ ఒక చిట్టా రాసుకుంటుంది, అంతే: ఫలానా ఫైలులో ఫలానా ఫ్రేము దగ్గర మొదలుపెట్టు, ఫలానా ఫ్రేము దగ్గర ఆపు అని. ఇన్ పాయింట్, అవుట్ పాయింట్ అనేవి ఇవే. క్లిప్ అంచు పట్టుకుని లాగితే, తీసేశామనుకున్న భాగం మళ్లీ బయటికి వచ్చేది అందుకే. డిస్కులో ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి సైజు తగ్గదు. నీ కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల బిట్‌రేట్‌తో రికార్డు చేస్తుందని చెప్పావు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. నీ రెండు గంటలూ 90 జీబీ. టైమ్‌లైన్‌లో ఎంత కోసినా ఆ 90 అలాగే ఉంటుంది.

ఫైలునే కోస్తే ఏం పోతుందో నేను అనుభవించి తెలుసుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దావిడ ఇంటర్వ్యూ ఎడిట్ చేశాను. పోయిన తన భర్త గురించి మాట్లాడిందావిడ. డిస్కులో చోటు లేదని, ప్రతి జవాబునూ మొదటి మాట దగ్గర మొదలుపెట్టి చివరి మాట దగ్గర తెగ్గొట్టి, కొత్త ఫైళ్లుగా దాచి ఒరిజినల్స్ చెరిపేశాను. నెల తర్వాత మొత్తం చూస్తే ఎక్కడా ఊపిరి ఆడలేదు. "ఇప్పటికీ తలుపు చప్పుడైతే అటే చూస్తాను" అన్నాక ఆవిడ కాసేపు ఆగి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిజంగానే తలుపు వైపు చూసింది. షూటింగ్ రోజు నేను కళ్లారా చూసిన షాటు అది. మాట అయిపోయింది కదా అని నేనే తెగ్గొట్టాను. ఆ మూడు సెకన్లు ఇక ఎక్కడా లేవు. ఆ బాధ ఈ రోజుకీ ఉంది నాకు.

కాబట్టి మాట వినపడే చోటు చూసి ఫైలు కొయ్యకు. కట్‌కు అటూ ఇటూ మిగిల్చే అదనపు ఫ్రేముల్ని హ్యాండిల్స్ అంటారు. సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో, కట్ మధ్యలో పెట్టిన ఒక సెకను డిసాల్వ్‌కే (ఒక షాటు మెల్లగా తర్వాతి దానిలో కలిసిపోవడం) రెండు వైపులా 12 ఫ్రేములు చొప్పున కావాలి. ఒకరి మాట తర్వాతి షాటు మీదికి సాగాలన్నా, మాట కంటే ముందు ముఖం కనపడాలన్నా ఇంకా ఎక్కువ కావాలి. మామూలు షాట్లకు రెండు మూడు సెకన్లు, మనిషి మాట్లాడేవాటికి అయిదు సెకన్లు వదులు. ఎవరూ మాట్లాడని గది నిశ్శబ్దం ఒక అర నిమిషమైనా ఉంచుకో. ఆడియోలో అతుకులు కనపడకుండా చేసేది అదే.

ఇక కోసే పద్ధతి. నీ ఫైళ్లు హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో ఉన్నాయి. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. మధ్యలో ఉన్నవన్నీ పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో చెప్పేవే. లాస్‌లెస్‌కట్‌లాంటి సాధనాలు మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా, అంటే వీడియోను కొత్తగా కుదించకుండా, ఉన్న డేటానే కాపీ చేస్తాయి. నాణ్యత పోదు, క్షణాల్లో అయిపోతుంది. కానీ శుభ్రంగా మొదలవ్వాలంటే కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి. కీఫ్రేమ్‌లు రెండు సెకన్లకొకటి ఉన్నాయనుకో, నువ్వు పెట్టిన గుర్తు వాటి మధ్య పడితే ఫైలు వెనకటి కీఫ్రేమ్ నుంచి మొదలవుతుంది, లేదా కొన్ని ప్లేయర్లలో గొంతు వినపడుతూ బొమ్మ కాసేపు బిగుసుకుపోతుంది. అది చూసి ఫైలు పాడైందని కంగారుపడకు. ఇన్ పాయింట్‌ను కొంచెం వెనక్కి, ముందున్న కీఫ్రేమ్ మీదికి జరుపు. హ్యాండిల్స్ ఎలాగూ కావాలి కాబట్టి నష్టమేమీ లేదు.

ఖచ్చితంగా ఆ ఫ్రేము దగ్గరే తెగాలంటే మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యాల్సిందే. హెచ్.264ను మళ్లీ హెచ్.264గా చేస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. ఎడిటింగ్‌కు వాడే ప్రోరెస్ అనే ఫార్మాట్‌లోకి మారిస్తే కంటికి తేడా తెలియదు గానీ సైజు పెరుగుతుంది. 1080పీ, సెకనుకు 30 ఫ్రేములైతే ప్రోరెస్ 422 బిట్‌రేట్ సెకనుకు దాదాపు 147 మెగాబిట్లు. చోటు కోసం మొదలుపెట్టిన పని నిమిషానికి ఇంకా ఎక్కువ చోటు తింటుందన్నమాట.

నీ ప్రాజెక్ట్ డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది కదా, ఒక్కో ఫైలూ విడిగా కొయ్యనక్కర్లేదు. ఎడిట్ పూర్తయ్యాక ఫైల్ మెనూలో మీడియా మేనేజ్‌మెంట్‌కు వెళ్లు. టైమ్‌లైన్‌లో వాడిన భాగాల్ని మాత్రమే, నువ్వు చెప్పినన్ని హ్యాండిల్ ఫ్రేములతో కొత్త చోటికి తీసుకెళ్లే ఆప్షన్ ఉంది. అక్కడ కాపీ ఎంచుకో, మూవ్ వద్దు. ప్రీమియర్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇలాంటి పనికి ప్రాజెక్ట్ మేనేజర్ ఉంది. కొత్త ఫైళ్లతో ఉన్న టైమ్‌లైన్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ప్లే చేసి, షాట్లన్నీ దొరికాయో లేదో చూడు.

మెమరీ కార్డు ఫోల్డర్ల సంగతి కూడా గుర్తుపెట్టుకో. కొన్ని కెమెరాలు పొడుగాటి రికార్డింగ్‌ను 4 జీబీ ముక్కలుగా విడగొడతాయి. వాటి పేర్లు మార్చకు, ముక్కల్ని విడదీయకు. కార్డులో ఉన్న ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టుగా కాపీ చెయ్యి.

ఈ రాత్రికి చోటు కావాలంటే ముందు రెండర్ క్యాష్ (సాఫ్ట్‌వేర్ తన వాడకానికి తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లు), ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ సాఫీగా సాగడానికి చేసుకున్న చిన్న కాపీలు) తీసెయ్. ఒరిజినల్స్ ఉంటే అవి మళ్లీ తయారవుతాయి, పదుల జీబీలు అక్కడే దొరకొచ్చు. చాలకపోతే ఇంకో డిస్కు కొనుక్కో, డబ్బు నేను పంపుతాను. ఒరిజినల్స్ రెండు చోట్ల భద్రంగా చేరాకే ట్రిమ్ సంగతి. డిస్కు వచ్చాక ఫోన్ చెయ్యి, హ్యాండిల్స్ ఎన్ని ఫ్రేములు పెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు
మామయ్య