రెండో హోటల్‌కు ముందు మొదటి హోటల్ లెక్క

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర, విష్ణు నివాసం వెనుక వీధిలో పదకొండేళ్లుగా టిఫిన్, భోజనం హోటల్ నడుపుతున్నాను. నేనూ, నా భార్యా, ముగ్గురు పనివాళ్లూ కలిసి చేసుకుంటాం. సగటున రోజుకు 13,000 రూపాయల వ్యాపారం అవుతుంది, అందులో అరవై శాతం ఫోన్‌పే, గూగుల్‌పేల ద్వారానే వస్తుంది. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. తిరుచానూరు రోడ్డులో ఒక హోటల్ 4 లక్షల అడ్వాన్స్‌కు దొరుకుతోంది, సామాన్లకు ఇంకో 4 లక్షలు కావాలి. బంగారం మీద 5 లక్షలు, చీటీ పాడి 2 లక్షలు, డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకుని మొదలుపెట్టవచ్చా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. నెల ఖర్చుల లెక్క జతచేశాను.

జవాబు: మీరు పంపిన లెక్క ప్రకారం సరుకులకు 2,05,000, గ్యాస్‌కు 30,000, పనివాళ్లకు 54,000, అద్దెకు 35,000, కరెంటు వగైరాలకు 14,000 కలిపి నెలకు 3,38,000 రూపాయలు ఖర్చవుతోంది. వ్యాపారం 3,90,000 కాబట్టి 52,000 మిగలాలి. ఆ 52,000 ఎటు పోతోందో మీ కాగితం రెండో పేజీలోనే ఉంది. లక్ష చొప్పున రెండు డైలీ ఫైనాన్స్‌లు తీసుకున్నారు. ఒక్కొక్కదానికి చేతికి 90,000 వచ్చింది, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. అంటే రెండింటికీ కలిపి నెలకు 60,000 కడుతున్నారు. హోటల్ మిగిల్చేది 52,000, ఫైనాన్స్‌కు పోయేది 60,000 అయినప్పుడు, వంద రోజులు తీరగానే మళ్లీ అదే అప్పు రాయించుకోక తప్పదు. మీరు చేస్తున్నది కూడా అదే.

లక్షకు పదివేలే కదా పట్టుకున్నది అని అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతున్నందున మీ చేతిలో సగటున ఉండేది ఆ డబ్బులో సగమే. ఆ సగానికి వంద రోజుల్లో పదివేల వడ్డీ అంటే ఏడాదికి 75 శాతం దాటుతుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే అది నెలకు నూటికి ఆరు రూపాయలు మించిన వడ్డీ. మీ బంధువుల్లో ఎవరైనా నూటికి మూడు రూపాయలు అడిగితేనే మీరు దణ్ణం పెట్టి లేచి వచ్చేస్తారు. సాయంత్రం కుర్రవాడు వచ్చి పుస్తకంలో గీత గీసుకుపోయే ఈ అప్పు మాత్రం భారంగా తోచదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి, చట్నీలు సిద్ధం చేసి పొయ్యి దగ్గర నిలబడే మీ శ్రీమతికి గాని, గల్లాపెట్టె దగ్గర కూర్చుని సరుకులు కూడా తెచ్చే మీకు గాని మీ లెక్కలో జీతం లేదు. ఆమె చేసే పనికి వంట మాస్టర్‌ను పెట్టుకుంటే 25,000, మీ పనికి మనిషిని పెట్టుకుంటే 15,000 అవుతుందనుకుందాం. ఆ 40,000 తీసేస్తే హోటల్ నిజంగా సంపాదిస్తున్న లాభం 12,000 మాత్రమే. మీరిద్దరూ ఉన్నది ఒక్కచోటే కాబట్టి రెండో హోటల్‌లో ఆ ఇద్దరికీ నిజంగానే జీతం ఇవ్వాలి. అక్కడ మొదటి రోజు నుంచే 13,000 వ్యాపారం జరిగిందనుకున్నా మిగిలేది ఆ 12,000. అందులోంచి ఏడాదికి పది శాతం చొప్పున బంగారం అప్పు వడ్డీ నెలకు 4,200, కొత్త ఫైనాన్స్ వడ్డీ 3,000 పోతే చేతికి 4,800 వస్తుంది, అసలు తీర్చడం ఇంకా మొదలు కాకముందే. ఎనిమిది లక్షలకు ఇది చాలదు. కాబట్టి ఇప్పుడు రెండో హోటల్ వద్దు.

వేసవి సెలవుల్లో రోజుకు 18,000 వచ్చే మీ వ్యాపారం పరీక్షల రోజుల్లో 8,000కు పడిపోతుందని మీరే రాశారు. తిరుచానూరులోనూ కార్తీక బ్రహ్మోత్సవాల్లో, పంచమి తీర్థం నాడు కనిపించే రద్దీని చూసి ఏడాది మొత్తాన్ని అంచనా వేయకూడదు. రెండు హోటళ్లూ యాత్రికుల మీదే ఆధారపడితే తగ్గినప్పుడు రెండూ కలిసే తగ్గుతాయి. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగి జూన్‌లో మళ్లీ మొదలయ్యే వరకు ఆ వీధి ఎలా ఉందో మీరు కళ్లారా చూసినవారు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన జీఎస్టీ గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. వస్తువులు మాత్రమే అమ్మే దుకాణాలకు ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలు, కానీ హోటల్ భోజనం సేవల కింద లెక్క కాబట్టి మీకు వర్తించేది 20 లక్షలు. మీ వ్యాపారం ఏడాదికి 47 లక్షల దాకా ఉంది. 2025 జూలైలో పొరుగున ఉన్న కర్ణాటకలో యూపీఐ జమలను చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపారు. యూపీఐ తీసేసి నగదే తీసుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి, ఇప్పటిదాకా వచ్చిన జమలు బ్యాంకులో అలాగే ఉంటాయి. చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఒకే రేటున పన్ను కట్టే కంపోజిషన్ పద్ధతిలో హోటళ్లకు పన్ను 5 శాతమే, కానీ దాన్ని గిరాకీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. మీ లెక్కకు అది నెలకు 19,500, అంటే మీ నిజమైన లాభం కన్నా ఎక్కువ. మామూలు పద్ధతిలోనూ 5 శాతమే, దాన్ని బిల్లులో చూపి వసూలు చేయవచ్చు, అయితే రిటర్నుల పని పెరుగుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా 40 రూపాయల ఇడ్లీ ప్లేటు 42 కావాలి. ఆ ధరకు గిరాకీ నిలవకపోతే మీ హోటల్ ఇన్నాళ్లూ కట్టని పన్ను మీదే నడిచిందని అర్థం. ఈ మాట కటువుగా ఉన్నా రెండో హోటల్‌కు ముందే తెలియడం మంచిది. పాత బకాయి మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, పైన జరిమానా కూడా పడవచ్చు కాబట్టి, నోటీసు వచ్చేలోపే పన్ను సలహాదారును కలిసి మీరే స్వయంగా ముందుకు వెళ్లండి.

ఇప్పుడున్న ఫైనాన్స్‌లకు ఇంకా అరవై రోజులు ఉన్నాయి. ముందే కట్టేస్తే తగ్గింపు ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే వాటి వడ్డీ ఎలాగూ పట్టుకున్నారు కాబట్టి అలాగే సాగనివ్వండి, మళ్లీ మాత్రం రాయించుకోకండి. ఈ రెండు నెలల్లో ఫైనాన్స్‌కు 1,20,000, ఇంటికి, చీటీకి నెలకు 46,000 చొప్పున (అందులో చీటీ వాయిదా పదివేలు) 92,000 కావాలి. హోటల్ నుంచి వచ్చేది 1,04,000. తక్కువ పడే 1,08,000 కోసమే బ్యాంకులో బంగారం కుదవ పెట్టండి, నగలన్నీ తీసుకెళ్లకండి. వడ్డీ నెలనెలా కట్టండి. ఏడాది చివర ఒకేసారి కడదామని వదిలేసిన నగలే చాలాసార్లు వేలం దాకా పోతాయి. ఆ తరువాత నెలకు మిగిలే 6,000 ఆ అప్పుకే వేస్తూ, పదకొండు నెలల్లో చీటీ ముగిశాక ఆ పదివేలూ కలిపితే ఏడాదిన్నర లోపు బంగారం ఇంటికి వస్తుంది.

చీటీని ఇప్పుడే తక్కువ మొత్తానికి ఒప్పుకుని పాడకండి. చివరిదాకా ఆగితే రెండున్నర లక్షలకు దగ్గరగా వస్తుంది. మూడు నెలల అద్దె, జీతాలు కలిపి 2,67,000 కాబట్టి ఆ డబ్బు గడ్డు నెలల కోసం డిపాజిట్‌లో ఉండాలి. చీటీ తెలిసిన మనిషి దగ్గర అన్నారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరు అయినదేనా అని అడగండి, కాకపోతే దీని తరువాత అక్కడ ఇంకొకటి వేయకండి.

వ్యాపారం పెంచాలన్న మీ కోరిక తప్పు కాదు. మీ హోటల్ మధ్యాహ్నం మూడింటికే మూస్తున్నారని రాశారు, అద్దె మాత్రం రోజంతటికీ కడుతున్నారు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు ఒక మనిషిని పెట్టి దోసెలు, గుంతపొంగణాలు వేయించి చూడండి. రోజుకు మూడు వేల వ్యాపారం జరిగినా అడ్వాన్స్ లేకుండా వచ్చిన రాబడి అది.

ఈలోగా ఆదాయపు పన్ను రిటర్ను వేయడం మొదలుపెట్టండి. వ్యాపారంలో ఇంత శాతం లాభమని లెక్కగట్టి చూపే ఊహాత్మక పద్ధతిలో డిజిటల్ జమలకు 6 శాతం, నగదుకు 8 శాతం చూపితే చట్టానికి చాలు, మీకు అది సుమారు 3,20,000 అవుతుంది. మీరు మాత్రం నిజంగా మిగిలిన మొత్తాన్నే చూపండి. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు పన్ను పడదు కాబట్టి తగ్గించి చూపి మీరు మిగుల్చుకునేది ఏమీ ఉండదు, బ్యాంకు ఇచ్చే అప్పు మాత్రం తగ్గుతుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి. రెండేళ్ల రిటర్నులు చేతిలో ఉంటే తాకట్టు లేకుండా 5 లక్షల వరకు ఇచ్చే ముద్ర కిశోర్ రుణానికి ధైర్యంగా దరఖాస్తు చేయవచ్చు.

వచ్చే వేసవి దాటాక మళ్లీ రాయండి. అప్పుడు మీ ఇద్దరి జీతాలు, జీఎస్టీ తీసేశాక నెలనెలా మిగిలిన అంకె, అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలల అంకెలు విడిగా పంపండి.