గేమ్ ఆడేటప్పుడు ల్యాప్‌టాప్ కాలిపోతోందా? ముందు వేడిగాలికి చెయ్యి అడ్డుపెట్టి చూడండి

గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోతున్నానని, అప్పటిదాకా బాగా నడిచిన గేమ్ ఆగి ఆగి నడుస్తోందని, కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. వేడి ఎక్కడ ఇరుక్కుపోయిందో తెలియకుండా కొన్న ప్యాడ్ చాలాసార్లు డబ్బు దండగే.

ముందు అంకెలు చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే వేడి కొలిచి చూపే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో సెన్సార్ల కిటికీ మాత్రం తెరిచిపెట్టి, 20 నిమిషాలు గేమ్ ఆడి, సీపీయూ (ప్రధాన చిప్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) గరిష్ఠంగా ఎన్ని డిగ్రీల దాకా వెళ్లాయో రాసుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో సీపీయూ 85–90 డిగ్రీలు, జీపీయూ 75–83 ఉంటే కంగారు పడక్కర్లేదు. సీపీయూ 95 దాటి అక్కడే కూర్చుంటే, థర్మల్ థ్రాట్లింగ్ ఎదురుగా ‘యెస్’ అని పడితే, చిప్ తనను కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటోందన్నమాట. మీ గేమ్ ఆగి ఆగి నడవడానికి కారణం దాదాపు ఇదే.

ఆ వేడి మీద ఉండగానే, గాలి బయటికి వచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టండి. సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది.

గాలి జోరుగా, బాగా వేడిగా వస్తోందంటే ఫ్యాన్లు, హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు రేకుల భాగం) వాటి పని అవి చేస్తున్నాయి. చిప్ పుట్టిస్తున్న వేడే ఎక్కువ. దీనికి విప్పాల్సిన పని లేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మాక్స్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి గీసే బొమ్మల సంఖ్య) 60కి కట్టెయ్యండి. మెనూ తెర మీద కూడా 200 ఫ్రేములు గీసే గేములున్నాయి, ఆ వేడంతా వృథాయే. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది, దాన్ని 99 చెయ్యండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గానీ, దాంతో టర్బో, అంటే చిప్ మామూలు వేగం దాటి పరుగెత్తడం, ఆగిపోతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసం చిప్ వోల్టేజి బాగా పెంచుకుంటుంది, అసలు వేడి అక్కడే పుడుతుంది. సీపీయూ పది పదిహేను డిగ్రీలు దిగడం మామూలే. సీపీయూ మీద ఎక్కువ ఆధారపడే గేముల్లో మాత్రం ఫ్రేములు కొంచెం తగ్గుతాయి.

ఫ్యాన్ హోరుమంటోంది, గాలి మాత్రం నీరసంగా వస్తోందా? అయితే దుమ్ము. ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ మధ్య దుమ్ము బూడిదరంగు కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే రేకులు శుభ్రంగానే కనిపిస్తాయి, ఎందుకంటే అది లోపలివైపు పేరుకుంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ ముక్క వెనక్కి ఫ్యాన్‌లోకి వెళ్లి పడుతుంది. అందుకే అడుగు మూత విప్పాల్సిందే. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి.

షట్‌డౌన్ చేసి చార్జర్ తీసెయ్యండి. స్క్రూలు విప్పిన వరసలోనే ఒక కాగితం మీద పెట్టుకోండి. పొట్టి స్క్రూ బొక్కలో పొడుగుది బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. మూత క్లిప్పులకి పాత ఏటీఎం కార్డు చాలు. మూత తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఇది మరిచిపోతే బోర్డు పోయే ప్రమాదం ఉంది. ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, రేకుల బయటివైపు నుంచి లోపలికి గాలి కొట్టండి, ఊడిన ముక్కని చిన్న పట్టకారుతో లాగెయ్యండి. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, దాని గొట్టం దగ్గర స్టాటిక్ పుడుతుంది.

ఇక మూడోది. చిప్ 97 డిగ్రీల్లో ఉంది, బయటికొచ్చే గాలి మాత్రం గోరువెచ్చగానే ఉంది. అంటే వేడి చిప్ నుంచి హీట్‌సింక్‌కే చేరడం లేదు, రెంటికీ మధ్య వేడిని దాటించడానికి పూసే థర్మల్ పేస్ట్ పనైపోయింది. వేడెక్కి చల్లారినప్పుడల్లా చిప్ వ్యాకోచించి సంకోచించి, పల్చటి పేస్ట్‌ని మెల్లగా అంచులకి నెట్టేస్తుంది. డెస్క్‌టాప్‌లో ఏళ్లు నిలిచే పేస్ట్ ల్యాప్‌టాప్‌లో కొన్ని నెలలకే చేతులెత్తేసేది ఇందుకే. నా సలహా, పేస్ట్ బదులు హనీవెల్ పీటీఎం7950 షీట్. వేడికి మెత్తబడి పరుచుకుంటుంది, అంచులకి జారిపోదు. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే పై పొర తేలిగ్గా ఊడుతుంది. అది దొరక్కపోతే చిక్కటి పేస్ట్ తీసుకుని, బఠాణీ గింజంత చుక్క పెట్టి వదిలేయకుండా చిప్ మొత్తం కప్పేలా పల్చగా పరవండి. మూలలు ఖాళీగా ఉంటే అక్కడే కాలుతుంది.

పాత పేస్ట్ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, నెయిల్‌పాలిష్ రిమూవర్‌తో కాదు. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని ఉంటుంది. విప్పేటప్పుడు 4 నుంచి 1కి, బిగించేటప్పుడు 1 నుంచి 4కి, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా తిప్పుతూ రండి. చుట్టూ ఉన్న థర్మల్ ప్యాడ్‌లు (పక్క చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి ముక్కలు) చిరక్కపోతే ముట్టుకోవద్దు. అర మిల్లీమీటరు ఉండాల్సిన చోట ఒక మిల్లీమీటరు ప్యాడ్ పెడితే హీట్‌సింక్ పైకి లేచి చిప్‌కి ఆనదు, మునుపటికన్నా ఎక్కువ కాలుతుంది. చిప్ మీద వెండిలా మెరిసేది కనిపిస్తే అది లిక్విడ్ మెటల్. అందులో కరెంటు పారుతుంది, ఒక బొట్టు బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది. అక్కడితో ఆపి తెలిసినవాళ్లకి ఇవ్వండి.

ఇక మీరడిగిన కూలింగ్ ప్యాడ్. ఆడుతుండగా ల్యాప్‌టాప్ వెనకవైపు ఒక పుస్తకం మీద రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా పెట్టి చూడండి. అడుగు సందులు మాత్రం మూసుకుపోకూడదు. ఐదారు డిగ్రీలు తగ్గితే అడుగున గాలి ఆడకపోవడమే ఇబ్బంది, మామూలు స్టాండ్ చాలు. అసలు తగ్గకపోతే వెయ్యి రూపాయల ప్యాడ్‌తోనూ పెద్దగా తగ్గదు.

రామగుండం, రెంటచింతల లాంటి ఊళ్లలో మే నెలలో ఆడేవాళ్లకి ఒక మాట. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది, కాబట్టి డిసెంబరులో రాసుకున్న అంకెల్ని మేలో పోల్చుకోవద్దు. ఎయిర్ కూలర్ మాత్రం ల్యాప్‌టాప్ మీదికి తిప్పొద్దు. ఆ తడిగాలికి దుమ్ము రేకులకి బంకలా అంటుకుపోతుంది, తర్వాత గాలి కొట్టినా రాదు.

మూత విప్పినప్పుడు బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, అంతకుముందే టచ్‌ప్యాడ్ పైకి లేచి నొక్కు పడకపోతున్నా, మిగతా పనులన్నీ పక్కన పెట్టండి. దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా, చార్జ్ పెట్టకుండా ముందు బ్యాటరీ మార్పించండి.